గురజాడ లోకపరిశీలన

గురజాడ వేంకట అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న విశాఖ మండలంలోని రాయవరంలో జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. చీపురుపల్లిలో తొలి చదువు ముగించి విజయనగరం చేరారు. అక్కడి మహారాజా కళాశాలలో 1886లో పట్టభద్రులయ్యారు. వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు రామమూర్తిగారు ఆయనకు సహాధ్యాయి, ఆప్తమిత్రుడు. అప్పారావుగారు ఆ కళాశాలలోనే అధ్యాపకులై, తరువాత విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు.

ఆ సంస్థానాధీశుడు ఆనంద గజపతి, విశాఖ మండలంలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకొని జరిపిన బ్రాహ్మణ వివాహాల పట్టికను తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. ఆ వధువులలో అయిదేళ్ల వారు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. పట్టిక వలన దురాచారం ఎంతగా వ్యాపించిందో తెలుస్తుంది. ఆ పసివారిని అమ్మిన ఇల్లు, కొన్న ఇల్లు ఎటువంటివో తెలియదు. అప్పారావుగారు చూపదలచినది ఆ ఇళ్లనే. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో దానిని కొత్త నాటకమా అన్నంతగా పెంచి తిరిగి రచించారు.

మన ప్రబంధకవుల పురవర్ణనలలో కోటలు, పరిఖలు, ఉద్యానాలు బారులు తీరుతాయి. వాటి సొగసు వాటిది. అప్పారావుగారి విజయనగరం మాత్రం బొంకులదిబ్బ దగ్గర, అప్పులవాళ్లకు ముఖం చాటువేసే గిరీశంతో మొదలవుతుంది. శిష్యుడు వెంకటేశానికి ఆ గురువు నేర్పిన ముఖ్యవిద్య చుట్ట కాల్చడం! పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తే ఆయన దాగేది మంచం కింద. ఇక రామప్పంతులు, లుబ్ధావధాన్లు పెళ్లికూతురి కోసం మధురవాణి కంటెను ఎరువు తెస్తాడు. ఆ పెళ్లికూతురు నిజానికి ఆడవేషం వేసుకొన్న కరటకశాస్త్రి శిష్యుడు. అతడు మాయమైన తరువాత, పిల్ల ఏమైందన్నది పంతులుకు పట్టదు. కంటె తెస్తేనే గాని మధురవాణి గడప తొక్కనివ్వదన్నదే ఆయన బెంగ. ఆడపిల్లకు వెలకట్టే లోకాన్ని ఈ ఎరువు నగ పట్టి ఇచ్చినంతగా ఏ సంస్కరణ ప్రసంగమూ పట్టి ఇవ్వలేదని నా అభిప్రాయం. పైగా అవధాని మాట ఒక తీరు, నౌకరు మాట మరొక తీరు. పేరు చెప్పకపోయినా మనిషిని పోల్చుకోవచ్చు. గ్రాంథికమే సాహిత్యభాషగా మన్నన పొందుతున్న రోజులలో ఇది సామాన్యమైన సాహసం కాదు.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’ కథకు ఆయన సమకూర్చుకొన్న సామగ్రి మరీ స్వల్పం: రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్త, భార్య విడిచిన ఉత్తరం, చివరకు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు.

అప్పారావుగారు 1913లో ఉద్యోగ విరమణ చేశారు. ఆరోగ్యం సహకరించకపోయినా, వ్యావహారిక భాషను సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు. అప్పటికి ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ నాటకాలు అసంపూర్ణంగానే ఉన్నాయి.