బానిస ఓడ కెప్టెన్‌కి దొరికిన కృప

ప్రపంచమంతా చర్చిల్లో వినిపించే ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసింది ఒకప్పటి బానిస ఓడ కెప్టెన్. ఆయన పేరు జాన్ న్యూటన్.

1725లో లండన్‌లో పుట్టాడు. భక్తురాలైన తల్లి, కొడుక్కి ఏడేళ్లు నిండకముందే క్షయతో పోయింది. ఓడ నడిపే తండ్రి పదకొండేళ్లకే పిల్లాణ్ని సముద్రమెక్కించాడు. ఆ కుర్రాడు దారి తప్పాడు. దేవుడి పేరెత్తితే ఎగతాళి చేసేవాడు. నౌకాదళం నుంచి పారిపోయి, దొరికిపోయి కొరడా దెబ్బలు తిన్నాడు. తర్వాత పశ్చిమ ఆఫ్రికాలో ఓ బానిసల వ్యాపారి దగ్గర తిండికి మొహం వాచి బతికాడు.

1748 మార్చిలో ఇంటికి తిరిగొస్తుంటే అట్లాంటిక్‌లో పెద్ద తుపాను. ఓడ దెబ్బతింది. గంటల తరబడి నీళ్లు తోడుతూ దేవుణ్ని వేడుకున్నాడు. ఎలాగో బతికి బయటపడ్డాడు.

అయితే మనిషి రాత్రికి రాత్రే మారలేదు. 1750 నుంచి 1754 వరకు మూడుసార్లు బానిస ఓడలకు కెప్టెన్‌గా వెళ్లాడు. పైన ఆయన ప్రార్థనలు.. కింద గొలుసుల్లో జనం! చివరికి సముద్రం మానేసింది కూడా జబ్బు చేసి.. ఆ వ్యాపారం పాపమని తోచి కాదు.

1764లో ఓల్నీ అనే ఊళ్లో చర్చి బాధ్యతలు తీసుకున్నాడు. 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసిన ఆ పాట 1779లో అచ్చయింది. ఆయన నమ్మింది ఒక్కటే. రక్షణ మనం చేసిన మంచికి దక్కే కూలి కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చే కృప. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో చెప్పిందీ ఇదే. అలాగని మంచి పనులు అక్కర్లేదని కాదు. అవి రక్షణకు కట్టే వెల కావు, దాని ఫలాలు.

న్యూటన్ జీవితంలో ఆ ఫలం ఆలస్యంగా కాసింది. ఓడ దిగిన 34 ఏళ్లకు, 1788లో, బానిస వ్యాపారం ఘోరాలను పుస్తకంగా అచ్చేశాడు. అందులో తన చేతులూ ఉన్నాయని ఒప్పుకున్నాడు. అధికారుల విచారణల్లో సాక్ష్యం చెప్పాడు. ఆ వ్యాపారాన్ని ఆపించేందుకు పోరాడుతున్న పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కు వెన్నుదన్నుగా నిలిచాడు. దేవుడు క్షమించాడు కదా అని చేసింది కప్పిపుచ్చుకోలేదు. క్షమాపణ దొరికిందన్న ధైర్యమే నిజం చెప్పించింది.

1807 మార్చిలో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ల వయసులో న్యూటన్ కన్నుమూశాడు. తన సమాధి రాతను ముందే రాసి పెట్టుకున్నాడు. అందులో గొప్పలు లేవు. ఒకప్పుడు అవిశ్వాసినని, క్రీస్తు దయవల్ల క్షమాపణ పొందానని మాత్రం ఉంది.