వైమానికుడు మెర్మోజ్

ఆకాశమున ఎగురుట ఒక విద్య. ఆ విద్యను నలుగురికి ఉపయోగపడునట్లు వినియోగించుట మరియొక విద్య. మొదటిది కొన్ని మాసములలో అలవడవచ్చును. రెండవదానికి ఓర్పు, వినయము కావలయును. ఈ రెండింటికి గల భేదమును ఒక్క దినమున గ్రహించి, జీవితాంతము మరువని ధీరుడు ఫ్రాన్సు దేశపు వైమానికుడు జాన్ మెర్మోజ్.

మెర్మోజ్ 1901వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన ఉత్తర ఫ్రాన్సులోని ఓబాంతోన్ అను చిన్న ఊరిలో జన్మించెను. అతని పసితనముననే తల్లిదండ్రులు వేరుపడిరి. తల్లి కష్టించి కుమారుని పెంచెను. చదువులో అతడు పెద్దగా రాణింపలేదు. 1920లో సైన్యమున చేరి, వైమానిక దళమును కోరుకొనెను.

దక్షిణ ఫ్రాన్సులోని ఇస్త్ర్ అను చోట అతనికి శిక్షణ లభించెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి అప్పటికి ఎంతో కాలము కాలేదు. ఆనాటి శిక్షణ విమానములు కఱ్ఱ చట్రములపై గుడ్డ బిగించి చేసినవి. పాఠము నేర్చుకొనుచునే ప్రాణములు కోల్పోయిన విద్యార్థులు పలువురు. మెర్మోజ్ జంకక శిక్షణ ముగించి, 1921లో పైలటు యోగ్యతాపత్రమును పొందెను. పిమ్మట సిరియా ఎడారులమీద సైనిక విమానములు నడపి మంచి అనుభవము గడించెను.

1924లో సైనికోద్యోగము ముగిసెను. యుద్ధము ముగియుటతో పనిలేని పైలట్లు దేశమున ఎందరో ఉండిరి. మెర్మోజ్ పారిసు నగరమున ఉద్యోగమునకై కాళ్లరుగునట్లు తిరిగెను. కవరులపై చిరునామాలు వ్రాసి నాలుగు డబ్బులు సంపాదించెను. కొన్ని దినములు పస్తులుండెను. ఆ దుర్దశలో తూలూజ్ పట్టణము నుండి అతనికి పిలుపు వచ్చెను.

తూలూజ్‌లో లతేకోయెర్ అను పారిశ్రామికుడు స్థాపించిన విమాన సంస్థ యుండెను. అది ఫ్రాన్సు నుండి స్పెయిను మీదుగా ఆఫ్రికాలోని మొరాకో దేశమునకు తపాలా చేరవేయుచుండెను. ఆ సంస్థ కార్యనిర్వాహకుడు దిదియే దోరా కఠినుడు, మితభాషి. అతడు క్రొత్తగా వచ్చిన పైలటును వెంటనే విమానమెక్కనిచ్చెడివాడు కాడు. ముందుగా కార్ఖానాకు పంపెడివాడు. అచ్చట యోగ్యతాపత్రము గల పైలట్లు సైతము నూనె మరకల దుస్తులతో ఇంజను భాగములను కడిగి, విప్పి, మరల బిగింపవలసి యుండెను. ఎడారి నడుమ ఇంజను ఆగినచో సహాయమునకు వచ్చువారుండరు. కావున తన యంత్రమును తానెరుగని వాడు తపాలా మోయుటకు తగడని దోరా నిశ్చయము. మెర్మోజ్ కొన్ని వారములు ఆ పని చేసెను.

తుదకు పరీక్షాదినము వచ్చెను. తన నేర్పునంతయు చూపవలెనని మెర్మోజ్ ఉవ్విళ్లూరెను. విమానమును నిట్టనిలువుగా లేపి, పల్టీలు కొట్టించి, తలక్రిందులుగా త్రిప్పి నేలకు దించెను. ప్రశంస లభించునని ఎదురుచూచిన అతనికి దోరా ముఖమున చిరునవ్వైనను కానరాలేదు. ఇట్టి విన్యాసములకు సర్కసు తగినచోటనియు, తనకు కావలసినది బస్సు నడుపువానివలె భద్రముగా గమ్యము చేర్చు పైలటనియు అతడు నిష్కర్షగా చెప్పెను. మెర్మోజ్ అభిమానము దెబ్బతినెను. మూట కట్టుకొని వెడలిపోవ సిద్ధపడెను. వెనుక పారిసులోని ఆకలి, ఎదుట ఈ అవమానము. అంతలో దోరా అతనిని మరల విమానమెక్కుమనెను. ఈ పర్యాయము మెర్మోజ్ మెల్లగా పైకి లేచి, సమముగా మలుపు తిరిగి, కుదుపు లేకుండ నేలకు దిగెను. ఉద్యోగము లభించెను.

ఆ దినము నేర్చిన పాఠము అతని జీవితమునకు దారి చూపెను. అప్పటి విమానములలో పైలటు కూర్చుండు చోటుకు కప్పు లేదు, రేడియో లేదు. వానలోను, మంచులోను సముద్రతీరమును గుర్తుగా పట్టుకొని తపాలా సంచులను చేర్చుచుండిరి. 1926లో సహారా ఎడారిలో ఇంజను చెడి మెర్మోజ్ నేలకు దిగగా, అచ్చటి తెగలవారు అతనిని బంధించిరి. సంస్థ ధనము చెల్లించి విడిపించెను. విడుదలయైన పిదప అతడు మరల ఆ మార్గమునకే వెళ్లెను.

తరువాత దక్షిణ అమెరికాలో తపాలా మార్గములు ఏర్పరచుటకు సంస్థ అతనిని పంపెను. అచ్చట అతడు రాత్రివేళ విమాన యానమును ప్రారంభించెను. 1929లో ఆండీసు పర్వతములు దాటుచుండగా అతని విమానము సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఒక బండపై చిక్కుకొనెను. మెర్మోజ్, యంత్రనిపుణుడు కొలెనో గడ్డకట్టు చలిలో, చేతనున్న కొద్దిపాటి సామగ్రితో దానిని బాగుచేసిరి. పిమ్మట విమానమును లోయ అంచుమీదుగా దొర్లించి గాలిలోనికి లేపి ప్రాణములు దక్కించుకొనిరి. కార్ఖానాలో నూనె మరకల నడుమ నేర్చిన విద్య విలువ ఆ శిఖరముపై తెలిసివచ్చెను.

ఇక మిగిలిన అడ్డంకి అట్లాంటిక్ మహాసముద్రము. ఆఫ్రికా నుండి బ్రెజిలుకు తపాలా ఓడలపై రోజుల తరబడి పయనించుచుండెను. దానిని విమానమున దాటించుటకు నీటిపై దిగు విమానము కావలసెను. అట్టి విమానము నడపుటకు వేరొక యోగ్యతాపత్రము అవసరము. అప్పటికే పేరు గడించిన మెర్మోజ్ మరల విద్యార్థియై, శిక్షణ పొంది, పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. 1930 మే 12, 13 తేదీలలో దాబ్రీ, జిమియే అను సహచరులతో కూడి, సెనెగల్‌లోని సెయింట్ లూయీ నుండి బ్రెజిలులోని నటాల్‌కు సుమారు 21 గంటలలో 3,000 కిలోమీటర్లకు పైగా ఎగిరి, తపాలాను చేర్చెను. జూలైలో తిరుగు ప్రయాణమున విమానము నడిసముద్రమున దిగి మునిగిపోయెను. కాని వారు ప్రాణములతోపాటు తపాలా సంచులను గూడ కాపాడిరి.

1936 డిసెంబరు 7వ తేదీన మెర్మోజ్ నలుగురు సహచరులతో డాకార్ నుండి తపాలాతో బయలుదేరెను. యంత్రమున లోపము కనబడగా వెనుకకు వచ్చి, దానిని సరిచేయించి మరల బయలుదేరెను. కొన్ని గంటల పిమ్మట వెనుకనున్న కుడి ఇంజనును ఆపివేయుచున్నట్లు రేడియో వార్త వచ్చెను. ఆపై ఏ వార్తయు రాలేదు. ఆ విమానము తిరిగి కానరాలేదు. మరి రెండు దినములు గడచిన అతనికి 35 ఏండ్లు నిండియుండెడివి.

డాకార్‌లోను, బ్యూనస్ ఐరిస్‌లోను నేడు అతని పేరిట పాఠశాలలు గలవు. ప్రయాణికులను మోయు పైలట్లు యోగ్యతాపత్రము పొందిన పిదప గూడ నేటికిని మరల మరల పరీక్షలకు నిలువవలసి యున్నది. ఆ పరీక్షలలో గణనకు వచ్చునది సాహస ప్రదర్శనము గాదు. తనను నమ్మి కూర్చున్నవారిని భద్రముగా నేలకు చేర్చు నేర్పే గణనకు వచ్చును. తూలూజ్ మైదానమున మెర్మోజ్ రెండవసారి ఎగిరి చూపినది ఆ నేర్పే.