వేణు బప్పు

హైదరాబాదు పాతనగరమున, ఛత్రినాకకు ఎంతో దూరము కాని ఫిసల్‌బండలో, 1901లో నవాబు జఫర్ జంగు సొంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పెను. పిమ్మట నది బేగంపేటకు తరలినది. అందు పనిచేసిన ఖగోళజ్ఞుని కుమారుడే వేణు బప్పు. 1927లో మద్రాసున జన్మించిన ఆయన ఆ దూరదర్శిని చెంతనే పెరిగెను.

నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు చేరి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనెను. దాని కదృష్టమును తోడు కావలెను గదా! ఆయనను జీవితాంతము ఆకర్షించినవి మాత్రము వుల్ఫ్-రాయె నక్షత్రములు. ఇవి సెకనుకు వేయి కిలోమీటర్లకు మించిన వేగముతో తమ వాయువును వెలిగ్రక్కును. వర్ణపటమున వీని కాంతిరేఖలు ఎంత వెడల్పో, ఆ వాయువునకు అంత వేగము. బప్పు కొడైకెనాలు నుండి ఇట్టి రేఖలనే పరిశీలించెను.

ఈ నక్షత్రములలో కొన్ని తుదకు కృష్ణబిలములగునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కృష్ణబిలము చుట్టు తిరుగు వాయువు మిక్కిలి వేడెక్కి ఎక్స్‌కిరణములను వెదజల్లును. అందు కొంత లోనికి పడక వెలికి పారును. దాని వేగమును తెలుపునవియు వర్ణపటరేఖలే. కాని ఎక్స్‌కిరణములను గాలిపొర అడ్డగించును. అందువలన వానికై 2015లో శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహమును పంపిరి.

బప్పు కాలమున మన దేశమునందు పెద్ద దూరదర్శినియే కొరత. తమిళనాట కావలూరు కొండలపై 2.34 మీటర్ల దర్పణముగల దానిని ఇచ్చటివారిచేతనే నిర్మింప బూనుకొనెను. అది పూర్తికాకమునుపే, 1982 ఆగష్టు 19న, మ్యూనిక్ నగరమున మరణించెను. 1986లో దానికి ఆయన పేరు పెట్టిరి.