లూయీ బ్రెయిల్

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమున కూప్‌వ్రే గ్రామమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి ఆరతో ఆడుకొనుచుండగా అది కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ పుండు రెండవ కంటిని గూడ హరించెను.

1819లో పారిస్ అంధపాఠశాలలో చేరెను. అచటి గ్రంథములందు ఉబ్బెత్తు అక్షరములుండెడివి. తడిమి చదువుట కష్టము, అట్లు వ్రాయుట మఱియు కష్టము. బార్బియే అను సైనికోద్యోగి కల్పించిన 12 చుక్కల లిపిని బాలుడు 6 చుక్కలకు కుదించి, 1824 నాటికి, అనగా పదునైదేండ్లకే, నూతన లిపిని నిర్మించెను. ఆరు చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కమాఱే ఇముడును. వానితో 63 గుర్తులేర్పడును. కన్ను పొడిచిన ఆర వంటి మొనతోడనే కాగితము పొడిచి వ్రాయవలసి వచ్చుట విధివైచిత్రి!

1852లో ఆయన మరణించెను. పాఠశాల ఆ లిపిని 1854లో గాని అధికారికముగా అంగీకరింపలేదు. 1951లో ఏర్పడిన భారతి బ్రెయిల్ వలన తెలుగునకును ఆ చుక్కలే అక్షరములైనవి. నేడు కంప్యూటరుకు తగిలించు పలకపై అవే చుక్కలు లేచి పడుచు, బందరులోని అంధుని వ్రేలిక్రిందను తెలుగు పలుకగలవు.