ఎం.ఏ. చదివినా తప్పని ఎల్.టి. శిక్షణ
సైదాపేట కళాశాలలో సర్వేపల్లి రాధాకృష్ణన్

పుత్తూరు, సెప్టెంబరు 4: రేపు ఉపాధ్యాయ దినోత్సవం. ఊరూరా పాఠశాలల్లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి దండలు వేస్తారు. ఆయన రాష్ట్రపతి అయిన సంగతి, గొప్ప తత్వవేత్త అయిన సంగతి ఐదో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయితే బి.ఇడి. పట్టా కోసం, ఆపైన ఉపాధ్యాయ ఎంపిక పరీక్షల కోసం పుస్తకాలు చంకన పెట్టుకుని తిరిగే మన ప్రాంత యువతీ యువకులకు ఆయన జీవితంలో మరో ఘట్టం బాగా దగ్గరగా ఉంటుంది. ఎం.ఏ. చదివి, కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాత కూడా ఆయన మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చుని, హైస్కూలు ఉపాధ్యాయులకు నిర్దేశించిన ఎల్.టి. పట్టా సంపాదించుకోవలసి వచ్చింది.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. అప్పట్లో తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మనలో కలిసి, 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తండ్రి వీరాస్వామి గారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. కుర్రవాడి చదువు చాలావరకు ఉపకార వేతనాల మీదనే సాగింది.

1896లో తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చేరారు. అక్కడి నుంచి వేలూరు వూర్హీస్ కళాశాలకు, తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు వెళ్లారు. వేలూరులో చదువుతూ ఉండగానే 1903లో శివకామమ్మ గారితో వివాహం జరిగింది. ఆయన తత్వశాస్త్రం తీసుకోవడం వెనుక కూడా డబ్బు ఇబ్బందే ఉందంటారు. దగ్గరి బంధువు ఒకరు అదే శాస్త్రంలో పట్టా పుచ్చుకుని తన పుస్తకాలు ఇచ్చారు. కొత్త పుస్తకాలు కొనే పని తప్పింది. వేదాంతంలోని నీతి మీద ఎం.ఏ. పరీక్ష కోసం రాసిన వ్యాసం 1908లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు 20 సంవత్సరాలు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం దొరికింది. కళాశాల పేరు పెద్దదే గాని, ఆయన చేరినది విద్యాశాఖలో కింది మెట్టు ఉద్యోగం. జీతం స్వల్పం. అన్నం తినడానికి అరిటాకు కొనే స్తోమత లేక నేల కడుక్కుని దానిమీదనే వడ్డించుకున్న రోజులు ఉన్నాయని ఆ కాలం గురించి చెప్పుకొంటారు. ఇల్లు గడవాలంటే ఉద్యోగం స్థిరపడాలి. ఉద్యోగం స్థిరపడాలంటే విద్యాశాఖ నియమం ప్రకారం బోధనలో శిక్షణ పొంది ఉండాలి. తత్వశాస్త్రంలో ఎంత పాండిత్యం ఉన్నా ఆ లోటు పూడదు. 1910లో ఆయనను సైదాపేట టీచర్స్ కళాశాలకు పంపారు.

ఎల్.టి. అంటే లైసెన్షియేట్ ఇన్ టీచింగ్. పేరులోనే లైసెన్సు ఉంది. డిగ్రీ చదివిన వారికి మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఇది. ఇదే కాలక్రమంలో బి.టి.గా, ఆ తరువాత బి.ఇడి.గా మారింది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలుగా మొదలై సైదాపేటకు మారిన ఈ కళాశాల దక్షిణాదిన ఉపాధ్యాయ శిక్షణకు పెట్టింది పేరు. తెలుగు జిల్లాల పట్టభద్రులు ఎల్.టి. చదవాలంటే సైదాపేటకో, రాజమండ్రికో వెళ్లేవారు. మనస్తత్వ శాస్త్రం, బోధనా పద్ధతులు, పాఠశాల నిర్వహణ పుస్తకాల్లో చదవాలి. ఆపైన నిజమైన తరగతి ముందు నిలబడి పాఠం చెప్పి పరీక్షకుల మెప్పు పొందాలి. రెండూ నెగ్గితేనే పట్టా.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. మనస్తత్వ శాస్త్రంలో రాధాకృష్ణన్ గారి పరిజ్ఞానం చూసి ఆచార్యులు ఆశ్చర్యపోయారు. ఆయనకు ఆ పాఠాల నుంచి మినహాయింపు ఇవ్వడమే కాక, తోటి విద్యార్థులకు ఆయన చేతనే ఉపన్యాసాలు ఇప్పించారు. పట్టా కోసం వచ్చిన శిష్యుడు అదే తరగతికి గురువయ్యారు. (ఈ కథ చెప్పి నేటి అభ్యర్థులు హాజరు మినహాయింపు అడిగితే మాత్రం ప్రిన్సిపాళ్లు ఒప్పుకోరు.) ఆ ఉపన్యాసాలే 1912లో మనస్తత్వ శాస్త్ర మూలసూత్రాలపై ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకంగా వెలువడ్డాయి. తరువాత ఆయన రాసిన ఉద్గ్రంథాల పక్కన దీనిని ఎవరూ అంతగా తలవరు గాని, ఉపాధ్యాయులు కాబోయేవారి కోసం ఇచ్చిన ఉపన్యాసాలుగా దానికి ప్రత్యేక స్థానం ఉంది.

1911లో శిక్షణ ముగించుకుని ప్రెసిడెన్సీ కళాశాలకు తిరిగి వచ్చారు. 1916లో కొంతకాలం అనంతపురంలో, 1917లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో పని చేశారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు వెళ్లారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి బయలుదేరినప్పుడు మైసూరు విద్యార్థులు ఆయన బండికి గుర్రాలు విప్పి, తామే రైల్వే స్టేషను వరకు లాగారు. ఎల్.టి. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో ఎవరికీ పట్టలేదు గాని, విద్యార్థులు వేసిన ఈ మార్కులు మాత్రం ఇప్పటికీ అందరికీ గుర్తే. తరువాత 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా, ఆపైన ఆక్స్‌ఫర్డులో ఆచార్యులుగా, 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పని చేశారు.

సైదాపేట ముచ్చట అంతటితో ముగిసిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో భారత ప్రభుత్వం నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి ఆయనే అధ్యక్షులు. 1949 ఆగస్టులో నివేదిక సమర్పించారు. ఉన్నత విద్య గురించిన ఆ నివేదికలో ఉపాధ్యాయ శిక్షణకు కూడా చోటు దొరికింది. శిక్షణలో సిద్ధాంతాల కంటే పాఠశాలలో బోధనాభ్యాసానికి ఎక్కువ కాలం కేటాయించాలని, అభ్యర్థి యోగ్యతను నిర్ణయించేటప్పుడు తరగతిలో అతడు చెప్పే పాఠానికే ఎక్కువ విలువ ఇవ్వాలని సంఘం సూచించింది. శిక్షణ కళాశాలల్లో ఉపాధ్యాయులుగా ఎక్కువగా పాఠశాలల్లో పని చేసిన అనుభవం ఉన్నవారిని తీసుకోవాలని కూడా చెప్పింది. పుస్తక పాఠాల నుంచి మినహాయింపు పొందిన విద్యార్థి అధ్యక్షతలోనే ఈ సిఫారసులు వచ్చాయి. పుస్తకం తెలిసినంత మాత్రాన పాఠం చెప్పడం రాదన్న సంగతి పుస్తకం బాగా తెలిసినవారికే ముందు అర్థమవుతుంది కాబోలు.

1952లో ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టిన రోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరపడం ఆ 1962లోనే మొదలైంది. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

నివేదికలోని సూచన ఆచరణలోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. దశాబ్దాల తరబడి బి.ఇడి. ఒక సంవత్సరం చదువుగానే నడిచింది. అందులో బోధనాభ్యాసం కొద్ది వారాలు మాత్రమే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనలతో 2015 నుంచి ఆ చదువును రెండు సంవత్సరాలు చేశారు. అభ్యర్థులు పాఠశాలల్లో గడపవలసిన కాలాన్ని 20 వారాలుగా నిర్ణయించారు. సంఘం నివేదిక ఇచ్చి అప్పటికి 65 ఏళ్లు.