ఓడాక కూడా ఆడిన కెప్టెన్

1936 ఆగస్టులో బెర్లిన్ ఒలింపిక్స్ జరిగాయి. బాస్కెట్‌బాల్‌ను పతకాల ఆటగా చేర్చింది ఆ ఒలింపిక్స్‌లోనే. నిర్వాహకులకు ఆ ఆట కొత్త. దానికి ఇండోర్ స్టేడియం కావాలన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టెన్నిస్ ఆడే మట్టి కోర్టుల మీదే పోటీలు పెట్టారు. ఎండ వస్తే దుమ్ము, వాన వస్తే బురద. ఫైనల్ రోజున వాన పడితే ఆ బురదలో బంతి నేలకు కొట్టినా పైకి లేవలేదు. అమెరికా 19, కెనడా 8 పాయింట్లతో ఆట ముగిసింది. ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కూడా ఆ పోటీలు చూడటానికి బెర్లిన్ వచ్చారు.

ఆ కోర్టుల మీద ఆసియా నుంచి వచ్చిన ఒక జట్టు అందరినీ ఆశ్చర్యపరిచింది. అది ఫిలిప్పీన్స్ జట్టు. ఆటగాళ్లు పొడగరులు కారు. వేగం, చక్కటి పాసింగ్ వాళ్ల బలం. కోచ్ డియోనిసియో కాల్వో. కెప్టెన్ పేరు అంబ్రోసియో పాడిల్లా, వయసు 25 ఏళ్లు. ఆ తర్వాత ఆయన న్యాయవాది, సెనేటర్, దేశ రాజ్యాంగం రాసిన సంఘానికి ఉపాధ్యక్షుడు అయ్యారు. ఆ జీవితంలో గెలుపులు ఎన్ని ఉన్నాయో, ఓడిపోయాక లేచి ఆడిన ఆటలు కూడా అన్ని ఉన్నాయి. మన పిల్లలకు చెప్పవలసిన భాగం అదే.

మూడు భాషల నగరంలో

పాడిల్లా 1910 డిసెంబరు 7న మనీలాలో పుట్టారు. ఫిలిప్పీన్స్ అప్పటికి స్వతంత్ర దేశం కాదు. మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ ఏలింది. 1898 నుంచి అమెరికా చేతిలోకి వెళ్లింది. ఆ మార్పు బడిలోనే ముందు కనిపించింది. అమెరికన్లు ఊరూరా ప్రభుత్వ పాఠశాలలు తెరిచి ఇంగ్లీషులో పాఠాలు చెప్పించారు. కోర్టుల్లో, చట్టాల్లో మాత్రం స్పానిష్ ఇంకా బతికే ఉంది. వీధిలో, సంతలో వినిపించేది తగలాగ్. అంటే మనీలాలో చదువుకునే కుర్రవాడి చెవిన రోజుకు మూడు భాషలు పడేవి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పుస్తకంలో ఇంగ్లీషు అన్న పరిస్థితి మన ఇళ్లకు తెలిసిందే కదా. పాడిల్లా పెరిగిన ఊరు కూడా అలాంటిదే.

బాస్కెట్‌బాల్ కూడా ఆ దేశానికి బడి ద్వారానే వచ్చింది. వైఎంసీఏ వాళ్లు, అమెరికన్ ఉపాధ్యాయులు పాడిల్లా పుట్టిన ఆ రోజుల్లోనే దాన్ని ప్రవేశపెట్టారు. మొదట్లో బడిలో ఆడపిల్లల వ్యాయామ పాఠంగా నేర్పారు. ఖర్చు తక్కువ, స్థలం తక్కువ, ఒక బంతి, రెండు రింగులు చాలు. కొన్నేళ్లలోనే దేశమంతా అల్లుకుపోయింది. 1913 నుంచి 1934 దాకా ఫిలిప్పీన్స్, చైనా, జపాన్ ప్రధానంగా పాల్గొన్న ఫార్ ఈస్టర్న్ క్రీడలు 10 సార్లు జరిగాయి. వాటిలో బాస్కెట్‌బాల్ పసిడి ఒక్కసారి, 1921లో, చైనాకు వెళ్లింది. మిగతా 9 సార్లూ ఫిలిప్పీన్స్‌దే.

1924లో మనీలా కాలేజీలు కలిసి ఒక క్రీడా సంఘం పెట్టుకున్నాయి. అందులో అటెనియో ద మనీలా ఒకటి. పాడిల్లా ఆ కాలేజీ జట్టుకు ఆడారు. చదువులోనూ, ఆటలోనూ వెనకబడలేదు. తర్వాత న్యాయశాస్త్రం చదివి లాయరయ్యారు. 1934లో మనీలాలోనే జరిగిన చివరి ఫార్ ఈస్టర్న్ క్రీడల్లో దేశ జట్టుకు కెప్టెన్‌గా ఉండి పసిడి గెలిపించారు.

ఐదు ఆటలు, ఒక ఓటమి

ఇక బెర్లిన్. ఫిలిప్పీన్స్ మొదటి ఆట మెక్సికోతో. 32-30, రెండే పాయింట్ల తేడాతో గెలిచారు. రెండో ఆట ఎస్టోనియాతో, 39-22. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది అమెరికా. అక్కడ 56-23తో ఓడిపోయారు.

ఇక్కడే ఆ పోటీ నిబంధనల్లోని మెలిక బయటపడింది. మొదటి రౌండ్లలో ఓడిన జట్లకు ఇంకో అవకాశం ఉండేది. క్వార్టర్ ఫైనల్లో ఓడిన జట్టుకు లేదు. మొదటే ఓడిన మెక్సికో ఆ రెండో అవకాశంతో తిరిగి లోపలికి వచ్చింది, సెమీఫైనల్‌కు చేరింది, చివరికి కాంస్యం తీసుకెళ్లింది. పోలండ్‌కైతే క్వార్టర్ ఫైనల్లో ఆడవలసిన పనే పడలేదు. ఫుట్‌బాల్ మైదానంలో తలెత్తిన గొడవతో పెరూ ఒలింపిక్స్ నుంచే వెళ్లిపోవడంతో ఆడకుండానే సెమీస్‌లో అడుగుపెట్టింది. మెక్సికోను ఓడించిన ఫిలిప్పీన్స్‌కు మాత్రం ఒక్క ఓటమితో పతకం దారి మూసుకుపోయింది.

పతకం లేదని తెలిశాక ఇంకా రెండు ఆటలు మిగిలాయి. అవి ఐదో స్థానం కోసం. అలాంటి ఆటల్లో మనసు పెట్టి ఆడటం ఎంత కష్టమో ఆటగాళ్లకు తెలుసు, పరీక్షలో మొదటి పేపర్ పాడైన పిల్లవాడికీ తెలుసు. పాడిల్లా జట్టు ఇటలీని 32-14తో, ఉరుగ్వేను 33-23తో ఓడించింది. ఐదు ఆటల్లో నాలుగు గెలిచి ఐదో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఆసియా దేశం ఏదీ ఇప్పటిదాకా అంతకంటే పైకి వెళ్లలేదు. మిగిలిన ఆ రెండు ఆటలు అన్యమనస్కంగా ఆడేసి ఉంటే ఈ మాట చెప్పుకోవడానికే ఉండేది కాదు.

కోర్టు నుంచి కోర్టుకు

ఆట ముగిశాక పాడిల్లా న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డారు. సివిల్, క్రిమినల్ చట్టాల మీద ఆయన రాసిన వ్యాఖ్యానాలు అక్కడి న్యాయ విద్యార్థులకు పాఠ్య పుస్తకాలయ్యాయి. తీర్పుల్లో కూడా వాటిని ఉదహరించేవారు. ఈ పని తేలికది కాదు. పాత సివిల్ కోడ్ స్పెయిన్ నాటిది. 1932లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిని కూడా స్పానిష్‌లోనే రాశారు. వాదనలు మెల్లగా ఇంగ్లీషులోకి మారుతున్నాయి. చట్టం ఒక భాషలో, వాదన ఇంకో భాషలో, కక్షిదారు మాట మరో భాషలో ఉన్నచోట వాటి మధ్య వంతెన కట్టగలిగినవారికే విలువ.

1954లో అధ్యక్షుడు రామన్ మగ్‌సైసై ఆయన్ను సొలిసిటర్ జనరల్‌గా నియమించారు. అంటే ప్రభుత్వం తరఫున సుప్రీంకోర్టులో నిలబడే పెద్ద లాయరు. ఆ పదవిలోనూ అన్నీ గెలుపులే కాలేదు. అమాదో హెర్నాండెజ్ అనే తగలాగ్ కవి, కార్మిక నాయకుడి మీద ప్రభుత్వం తిరుగుబాటుతో పాటు హత్యలు, గృహదహనాలు కలిపి కేసు పెట్టింది. కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1956లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. తిరుగుబాటులో భాగంగా జరిగిన నేరాలు తిరుగుబాటు నేరంలోనే కలిసిపోతాయని, వాటిని కలిపి పెద్ద నేరం చేయకూడదని తేల్చి కవికి బెయిల్ ఇచ్చింది. ప్రభుత్వ పక్షం ఓడింది. ఫిలిప్పీన్స్ న్యాయ కళాశాలల్లో ఈ తీర్పును ఇప్పటికీ చదువుతారు. ప్రభుత్వం ఎంత దూరం వెళ్లవచ్చో గీత గీసిన తీర్పు అది. ఆ గీతకు అవతలి వైపు నిలబడవలసిన రోజు తనకే వస్తుందని అప్పటికి పాడిల్లాకు తెలియదు.

1957 మార్చిలో మగ్‌సైసై విమాన ప్రమాదంలో మరణించారు. ఆ ఏడాది చివర పాడిల్లా సెనేట్‌కు ఎన్నికయ్యారు. 1972 దాకా, 15 ఏళ్లు సెనేటర్‌గా ఉన్నారు. ఆటను మాత్రం వదల్లేదు. ఆసియా దేశాల బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. 1960లో మొదటి ఆసియా ఛాంపియన్‌షిప్ మనీలాలో జరిగింది, ఫిలిప్పీన్స్ గెలిచింది. అంతకు ముందే 1951లో మన ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లోనూ, 1954 మనీలా క్రీడల్లోనూ ఆ దేశానిదే బాస్కెట్‌బాల్ పసిడి. 1954లో ప్రపంచ పోటీల్లో కాంస్యం కూడా వచ్చింది. బెర్లిన్‌లో చేజారిన పతకం తర్వాతి తరం వాళ్లు మరో వేదిక మీద అందుకున్నారు.

తాళం వేసిన తలుపులు

1972 సెప్టెంబరులో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ సైనిక శాసనం ప్రకటించారు. పత్రికలు మూతపడ్డాయి, ప్రతిపక్ష నాయకులు జైలుకెళ్లారు. 1973 జనవరిలో కొత్త రాజ్యాంగాన్ని ప్రజలు ఆమోదించారని ప్రభుత్వం ప్రకటించింది. రహస్య బ్యాలెట్ లేదు. చోటుచోటా జనాన్ని సమావేశపరిచి చేతులెత్తించారు. పాత రాజ్యాంగం ప్రకారం జనవరి 22న పార్లమెంటు సమావేశం కావాలి. ఆ రోజున సెనేట్ ఆవరణ సభ్యులకు మూసి ఉంది.

పాడిల్లా, మరో ఐదుగురు సెనేటర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. సభను సమావేశపరచాలని, తమ బాధ్యత తమను చేయనివ్వాలని కోరారు. ఒకప్పుడు ప్రభుత్వం తరఫున నిలబడిన లాయరు ఇప్పుడు ప్రభుత్వానికి ఎదురుగా పిటిషనర్. మార్చి 31న తీర్పు వచ్చింది. 6-4 తేడాతో పిటిషన్లు కొట్టేశారు. కొత్త రాజ్యాంగం అమలుకు అడ్డు లేకుండా పోయింది. ఆయనకు అప్పటికి 62 ఏళ్లు. సెనేట్ లేదు, పదవి లేదు.

మళ్లీ అవకాశం రావడానికి 13 ఏళ్లు పట్టింది. 1986 ఫిబ్రవరిలో మనీలా జనం వీధుల్లోకి వచ్చారు, మార్కోస్ దేశం విడిచి వెళ్లారు. కొత్త అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో రాజ్యాంగం రాయడానికి 48 మందితో ఒక సంఘాన్ని నియమించారు. దాని అధ్యక్షురాలు మాజీ న్యాయమూర్తి సిసిలియా మున్యోజ్ పాల్మా. ఉపాధ్యక్షుడు అంబ్రోసియో పాడిల్లా. 75 ఏళ్ల వయసులో మళ్లీ పని మొదలుపెట్టారు. జూన్‌లో మొదలైన పని అక్టోబరుకు పూర్తయింది. 1987 ఫిబ్రవరి 2న ప్రజలు, ఈసారి బ్యాలెట్ పెట్టెల దగ్గర, దాన్ని ఆమోదించారు.

ఆ రాజ్యాంగంలోని విద్యాధ్యాయం మన పేజీ పాఠకులు గమనించదగ్గది. ఫిలిపినోను జాతీయ భాషగా పెడుతూనే, ప్రాంతీయ భాషలు ఆయా ప్రాంతాల్లో సహాయక అధికార భాషలుగా ఉంటాయని, బడిలో సహాయక బోధన భాషలుగా ఉపయోగపడతాయని అందులో రాశారు. రాజ్యాంగాన్ని ప్రధాన ప్రాంతీయ భాషల్లోకి అనువదించాలని కూడా చేర్చారు. అదే అధ్యాయంలో ఆటల గురించి కూడా ఉంది. విద్యాసంస్థలన్నీ క్రమం తప్పకుండా క్రీడా కార్యక్రమాలు జరపాలి. అది 48 మంది కలిసి రాసిన పత్రం, ఒక్కరి గొప్ప కాదు. అయినా పిల్లవాడి ఇంటి భాషనూ ఆట స్థలాన్నీ బడికి సంబంధించిన విషయాలుగా ఒకే అధ్యాయంలో చేర్చిన ఆ సంఘంలో, బడి మైదానం నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఒకాయన ఉపాధ్యక్ష స్థానంలో ఉన్నారు.

పాడిల్లా 1996 ఆగస్టు 20న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పదో తరగతి రాగానే పిల్లవాడి చేతిలోంచి బంతి తీసేసే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. మార్కుల భయం అలాంటిది, దాన్ని తప్పుపట్టలేం. పాడిల్లా కాలేజీ రోజుల్లో బంతీ పుస్తకమూ రెండూ ఉన్నాయి. ఒకటి రెండోదానికి అడ్డు వచ్చినట్టు ఆ జీవితంలో ఎక్కడా కనిపించదు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పాలనుకుంటే ఒక చిన్న పని చేయవచ్చు. బెర్లిన్‌లో ఫిలిప్పీన్స్ ఆడిన ఐదు ఆటల స్కోర్లు బోర్డు మీద రాయండి: 32-30, 39-22, 23-56, 32-14, 33-23. మూడో ఆట తర్వాత పతకం పోయిందని చెప్పి ఆగండి. మిగతా రెండు ఆటలు ఎందుకు ఆడాలో పిల్లలనే చెప్పమనండి, వాళ్ల ఇంటి భాషలో. జవాబులు విన్నాక 1973, 1986 గురించి చెప్పండి.