చాపెల్ రోడ్ నుంచి అంగోలా దాకా: విలియం టేలర్, ఆయన ఇల్లాలు ఆన్



నాంపల్లి స్టేషన్‌లో దిగి అబిడ్స్ వైపు నడిచే అలవాటున్నవాళ్లకి చాపెల్ రోడ్ తెలిసే ఉంటుంది. స్టాన్లీ గర్ల్స్ స్కూల్, ఇంజినీరింగ్ కాలేజ్, మెథడిస్ట్ చర్చి అన్నీ ఆ చుట్టుపక్కలే. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవడానికి నేను ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అమెరికాలో ఉండాల్సిన మెథడిస్టులు నిజాం గారి ఊళ్లోకి ఎలా వచ్చారు అని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. ఈమధ్య అనుకున్నాను. వెతికితే దొరికిన మనిషి విలియం టేలర్.

మన పేజీలో ఒక క్రైస్తవ మిషనరీ కథేంటి అంటారేమో. ఆయన వచ్చింది మతం ప్రచారం చేయడానికే, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఇది మన ఊరి కథ కూడా. పైగా, ఒక పెద్ద పని కోసం ఇల్లు వదిలి వెళ్లినవాళ్ల గురించి మనం ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉంటాం కదా. ఆ ఇంట్లో మిగిలినవాళ్ల సంగతి మాత్రం తక్కువ చెప్పుకుంటాం.

టేలర్ 1821 మే 2న అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. తండ్రి తోళ్లు ఊనే పని చేసేవాడు. మనిషి భారీ విగ్రహం, గొంతు అంతకన్నా పెద్దది. 1846లో ఆన్ కింబర్లిన్‌ని పెళ్లి చేసుకున్నారు. మూడేళ్లకే చర్చి వాళ్లు కాలిఫోర్నియా వెళ్లమన్నారు. 1849 అంటే బంగారం కోసం ప్రపంచమంతా అక్కడికి పరిగెత్తిన సంవత్సరం. అప్పటికి ఖండం అడ్డంగా దాటే రైలు లేదు, పనామా కాలువ లేదు. ఓడలో దక్షిణ అమెరికా చివర కేప్ హార్న్ చుట్టూ తిరిగి వెళ్లాలి, నెలల ప్రయాణం. ఆన్ నిండు గర్భిణి. కేప్ హార్న్ దగ్గర, నడి సముద్రంలో, ఓడలోనే ఆడపిల్ల పుట్టింది. ఓషియానా అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల ఎక్కువ కాలం బతకలేదు. ఆ దంపతులు పసితనంలోనే పోగొట్టుకున్న బిడ్డల్లో ఓషియానా ఒకరు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క కూడా బంగారం ధరే. టేలర్ అడవికి వెళ్లి తనే చెట్లు కొట్టి ఇల్లు కట్టుకున్నారు. పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో, జూదం ఇళ్ల మధ్య, పీపా మీద నిలబడి ఏడేళ్లు ఉపన్యాసాలు ఇచ్చారు. నావికుల కోసం కట్టించిన ప్రార్థనాలయం వల్ల అప్పులో కూరుకుపోయారు. ఆ అప్పు తీర్చడానికి పుస్తకాలు రాసి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత జీవితమంతా ఇదే ఆయన ఆదాయం. ఎవరి దగ్గరా జీతం తీసుకోకూడదు, పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో తనూ కుటుంబమూ బతకాలి, అంతే. మన భాషలో చెప్పాలంటే ఫండింగ్ లేని స్టార్టప్.

ఆఫ్రికాకి ఆయన మొదటిసారి వెళ్లింది కొడుకు ఆరోగ్యం కోసం. 1863 నుంచి ఆస్ట్రేలియాలో తిరుగుతున్న టేలర్ దగ్గరికి ఆన్ పిల్లల్ని తీసుకుని వచ్చారు. అక్కడ పెద్దబ్బాయి స్టూవర్ట్‌కి జబ్బు చేసింది. చోటు మార్చమన్నారు డాక్టర్లు. అలా 1866లో అందరూ కేప్ టౌన్ చేరారు. అక్కడ టేలర్‌కి చార్లెస్ పామ్లా అనే ఆఫ్రికన్ బోధకుడు పరిచయమయ్యాడు. టేలర్ ఇంగ్లిష్‌లో చెప్పేది ఆయన ఖోసా భాషలో చెప్పాలి. ఊరికే వాక్యం వెంట వాక్యం మార్చేయడం కాదు. ఉపన్యాసం మొత్తం టేలర్ ముందుగానే ఆయనకి వివరించేవారు, భావం పూర్తిగా ఎక్కాకే ఇద్దరూ జనం ముందుకి వెళ్లేవాళ్లు. ఆ కొద్ది నెలల్లో వేలమంది కదిలారని చరిత్రలు రాస్తాయి. పేరు టేలర్‌కి వచ్చింది కానీ, అందులో సగం కన్నా ఎక్కువ పామ్లా గారిదే అని నాకనిపిస్తుంది. వినేవాళ్ల చెవిలో పడింది ఆయన మాటే కదా!

ఆన్ తర్వాత పిల్లలతో కాలిఫోర్నియా చేరుకున్నారు. టేలర్ మాత్రం 1870 నవంబర్‌లో ఇండియాలో దిగారు.

మొదట లక్నో. అక్కడ అమెరికన్ మెథడిస్టులు అప్పటికే పనిచేస్తున్నారు. 1871 చివర్లో ఆయన బొంబాయి వెళ్లి తన పద్ధతి మొదలుపెట్టారు. ఊళ్లో ఇంగ్లిష్ మాట్లాడే ఆంగ్లో ఇండియన్లు, రైల్వే ఉద్యోగులు, ఆఫీసు గుమాస్తాలు ఉంటారు. వాళ్లని ఇళ్లల్లోనే చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టాలి. తమ పాస్టర్ ఖర్చు వాళ్లే భరించాలి. అమెరికా నుంచి పైసా రాకూడదు. బొంబాయి తర్వాత పుణె, కలకత్తా, మద్రాసు, బెంగళూరు, మన హైదరాబాద్ సికింద్రాబాద్. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు లైను పడింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా చిన్న పిల్లవాడు, రాజ్యం నడిపేది దివాన్ సాలార్ జంగ్. అబిడ్స్ అనే పేరు కూడా అప్పటికి లేదు. ఆ పేరు తర్వాత, పెద్దయిన మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. చాపెల్ రోడ్ మెథడిస్టుల వేరు 1870ల నాటి ఆ పనిలోనే ఉంది. అమెరికన్ మిషన్ వాళ్ల స్టాన్లీ స్కూల్ 1895లో వచ్చింది.

పద్ధతి ఇక్కడ పనిచేసింది. ఎందుకు పనిచేసిందో గమనించండి. వినేవాళ్లకి నెల జీతాలున్నాయి. భాష ఒకటే. ఉండడానికి ఇళ్లున్నాయి, తిరగడానికి రైళ్లున్నాయి, జ్వరమొస్తే కంటోన్మెంట్‌లో డాక్టరున్నాడు. ఇవేవీ టేలర్ తెచ్చినవి కావు, ముందే ఉన్నాయి. 1875లో ఆయన వెళ్లిపోయాక కూడా సంఘాలు నిలబడ్డాయంటే ఇదే కారణం.

ఈ ఏళ్లన్నీ ఆన్ కాలిఫోర్నియాలోని అలమీడాలో ఉన్నారు. మగపిల్లల్ని పెంచడం, ఇల్లు నడపడం, పుస్తకాల డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు సర్దుకోవడం. ఆస్ట్రేలియా నుంచి భర్త పంపిన యూకలిప్టస్ విత్తనాలు ఆవిడ నాటారని, కాలిఫోర్నియాలో ఆ చెట్లు అంతగా పాకడానికి అదీ ఒక కారణమని చెబుతారు. మనం నీలగిరి చెట్టు అంటాం. రామాయణంలో అందరూ అడవి గురించి చెబుతుంటే మన ఆడవాళ్లు ఊర్మిళాదేవి నిద్ర అని పాట కట్టుకుని పాడుకున్నారు కదా. ఆన్ మీద అలాంటి పాట ఎవరూ కట్టలేదు. ఆవిడ ఏమనుకునేవారో మనకి దొరికేది చాలా తక్కువ. టేలర్ తన ఆత్మకథ చాలా పెద్దదే రాశారు, కానీ అది ప్రయాణాల పుస్తకం, ఇంటి పుస్తకం కాదు.

1884లో ఫిలడెల్ఫియాలో మెథడిస్టుల మహాసభ జరిగింది. మిషన్ బోర్డుకీ టేలర్‌కీ అప్పటికే పడటం లేదు. బోర్డు అజమాయిషీ లేకుండా చర్చిలు పెట్టడం రూల్స్‌కి విరుద్ధమని గొడవ. దాంతో ఆయన తన పాస్టర్ హోదా వదులుకోవాల్సి వచ్చింది. అందుకే సభకి మామూలు సభ్యుల ప్రతినిధిగా వచ్చారు. ఎక్కడి ప్రతినిధి? సౌత్ ఇండియా కాన్ఫరెన్స్, అంటే మన వైపు సంఘాలే. అలా వచ్చిన మనిషిని ఆ సభే ఆఫ్రికా మొత్తానికి మిషనరీ బిషప్‌గా ఎన్నుకుంది! అప్పటికి ఆయన వయసు 63.

ఇక్కడి నుంచి కథ బరువెక్కుతుంది.

టేలర్ ప్లాన్ ఇండియాలో చేసిందే. ఆఫ్రికాలో తమ ఖర్చు తామే సంపాదించుకునే కేంద్రాలు పెట్టాలి. ఇక్కడైతే ఒంటరి యువకుల్ని పాస్టర్లుగా రప్పించారు. అక్కడికి కుటుంబాలనే పిలిచారు. రైతు, వడ్రంగి, టీచర్, డాక్టర్, భార్యలు, పిల్లలు. 1885 జనవరిలో పిల్లలతో కలిపి నలభైమందికి పైగా న్యూయార్క్‌లో ఓడ ఎక్కారు. మార్చిలో పోర్చుగీసు వాళ్ల అంగోలాలో లువాండా రేవులో దిగారు. అదే చలికాలంలో బెర్లిన్‌లో యూరప్ దేశాలు కూర్చుని ఆఫ్రికాని పంచుకోవడానికి రూల్స్ రాసుకుంటున్నాయి. ఆ సమావేశానికి ఆఫ్రికా వాళ్లెవర్నీ పిలవలేదు. ఈ కుటుంబాలు ఎంత మంచి మనసుతో వెళ్లినా, వాళ్లు నడిచింది ఆ తెరిచిన దారిలోనే. ఈ మాట చెప్పకుండా వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు.

లువాండాలో కొన్ని వారాల్లోనే జ్వరాలు పట్టుకున్నాయి. చావులు మొదలయ్యాయి. కొందరు భయపడి వచ్చిన ఓడల దారినే ఇంటికి తిరిగిపోయారు. ఉన్నవాళ్లు లోపలికి నడిచారు: దొండో, పుంగో అందొంగో, మలాంజే. క్వినైన్ ఉంది కానీ, జ్వరం ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. చెడు గాలి అనుకునేవాళ్లు. సాయంత్రం కాగానే ఇంట్లో ఉండమనేవాళ్లు. దోమ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఆ సంగతి తేల్చింది ఎక్కడో తెలుసు కదా? 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో, దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూశారు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. టేలర్ సంఘాలు నిలబడ్డ ఊళ్లోనే, టేలర్ కుటుంబాలని చంపిన జబ్బు రహస్యం బయటపడింది. అప్పటికి ఆయన రిటైరై ఏడాది దాటింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన ప్రోగ్రామ్ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. రాత్రి పదకొండింటికి అసలు సర్వర్ మీద పెట్టగానే పడుకుంది. నా దగ్గర బానే నడిచిందండీ అని నేను, అందరూ నవ్వులు. తప్పు ప్రోగ్రామ్‌లో లేదు, దాని చుట్టూ ఏమేం ఉంటాయని నేను తెలియకుండానే నమ్ముకున్నానో అందులో ఉంది. నా విషయంలో ఒక రాత్రి నిద్ర పోయింది, అంతే. టేలర్ బొంబాయి, హైదరాబాద్‌లలో నడిచిన పద్ధతిని అంగోలాలో పెట్టారు. అక్కడ జీతాల గుమాస్తాలు లేరు, రైలు లేదు, భాష తెలియదు. పోయినవి పిల్లల ప్రాణాలు. విశ్వాసం గొప్పదే కావచ్చు, కానీ మొదటి చావుల తర్వాత కూడా కాంగో వైపు ఇంకా ఇంకా మనుషుల్ని పంపడాన్ని నేను మాత్రం సమర్థించలేను. కాంగో నది మీద తిప్పడానికి ఒక స్టీమర్ కూడా తెప్పించారు. జలపాతాలు దాటించి ఎగువకి తీసుకెళ్లాలన్న ఆలోచన నెరవేరలేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన తను వెళ్లని చోటికి ఎవర్నీ పంపలేదు. అరవై, డెబ్బై మధ్య వయసులో ఆ జ్వరాల నేల మీద మైళ్లకి మైళ్లు కాలినడకన తిరిగారు. ఏటా అమెరికాకీ ఆఫ్రికాకీ మధ్య ఓడల్లో రాకపోకలు. ఆయన శరీరం తట్టుకుంది. తనకి తట్టుకున్నది అందరికీ తట్టుకుంటుందని అనుకున్నారేమో.

అంతా వృథా అనీ చెప్పలేం. ఆ మొదటి బృందంలో వచ్చిన స్విట్జర్లాండ్ యువకుడు ఎలీ షాతలాఁ కింబుందు భాష నేర్చుకుని వ్యాకరణం రాశాడు. ఊళ్లల్లో వాళ్లు చెప్పే కథలు విని, వాళ్ల భాషలోనే రాసి పెట్టి, 1894లో పుస్తకం వేశాడు. అంగోలా జానపద కథల మీద ఈ రోజుకీ వెతికి చదివే పుస్తకం అది. అదే బృందంలో తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని దిగిన హెర్బర్ట్ విదీ అనే కుర్రాడు అక్కడే పెరిగాడు. కింబుందు తన భాషే అయిపోయింది, తర్వాత బైబిల్‌ని ఆ భాషలోకి తేవడంలో ముఖ్యుడయ్యాడు. అతనికి ఇల్లు అమెరికానా ఆఫ్రికానా అని అడిగితే ఏం చెప్పేవాడో.

1896లో చర్చి టేలర్‌ని విశ్రాంతి తీసుకోమంది. ఆయన స్థానంలో జోసెఫ్ హార్ట్‌జెల్ వచ్చారు. అంగోలా కేంద్రాలకి ఆ తర్వాత మిషన్ బోర్డు నుంచే డబ్బు వెళ్లింది. టేలర్ జీవితమంతా వద్దన్నది అదే.

టేలర్ కాలిఫోర్నియాకి, ఆన్ దగ్గరికి వచ్చేశారు. పెళ్లయిన యాభై ఏళ్లకి. 1902 మే 18న పాలో ఆల్టోలో కన్నుమూశారు. ఈ రోజుల్లో మన హైదరాబాద్ పిల్లలు వీసాలు పట్టుకుని వెళ్లే ఊరే అది. అక్కడున్నవాళ్లు రోడ్డు పక్కన నీలగిరి చెట్లు చూసే ఉంటారు.